మాట రాని పిల్లల చేతికి ఒక లిపి: చార్లెస్ బ్లిస్ జీవితం



ఈ పేజీలో అప్పుడప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి జీవితం చెప్పుకుంటున్నాం గదా. ఈసారి చెప్పబోయే ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. చార్లెస్ బ్లిస్. ఎవరు ఏ భాష మాట్లాడినా అందరూ చదువుకోగల ఒకే బొమ్మల లిపి తయారుచేయాలని జీవితం ధారపోసిన ఇంజనీరు. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచం ఆయన్ని పట్టించుకోలేదు. చివరికి ఆ లిపిని అక్కున చేర్చుకున్నది ఆయన కలలో కూడా అనుకోనివాళ్లు, నోట మాట రాని చిన్నపిల్లలు. అది చూసి ఆయన పొంగిపోయాడు. ఆ తర్వాత వాళ్ల టీచర్లతోనే తగవు పెట్టుకుని లాయర్ల దాకా వెళ్లాడు. రెండూ చెప్పాలి. మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే అది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది.

బ్లిస్ 1897 సెప్టెంబరు 5న చెర్నోవిట్స్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు చెర్నివ్‌ట్సీ పేరుతో ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన అసలు పేరు కార్ల్ బ్లిట్జ్. యూదుల కుటుంబం. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి కళ్లద్దాలు చేసేవాడు, మెకానిక్ పనీ కరెంటు పనీ చేసేవాడు, కొయ్య చెక్కేవాడు. ఇన్ని పనులు చేసినా ఇంట్లో పేదరికమే.

ఆ ఊరి సంగతి మన బెంగళూరు పిల్లలకి బాగా అర్థమవుతుంది. మనకి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింట్లో తమిళం, మార్కెట్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు. అక్కడ కూడా జర్మన్, ఉక్రేనియన్, రొమేనియన్, పోలిష్, యిడ్డిష్ అన్నీ ఒకే బజారులో వినపడేవి. అయితే మనం సర్దుకుపోయినట్టు వాళ్లు సర్దుకుపోలేదు. ఒక జాతి అంటే ఇంకో జాతికి పడేది కాదు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్లే ఈ పగలన్నీ అని ఆ కుర్రాడి మనసులో నాటుకుపోయింది. నేనైతే దీన్ని పూర్తిగా ఒప్పుకోను. భాష ఒక్కటైతే తగాదాలు ఆగిపోవు. ఒకే భాష మాట్లాడే అన్నదమ్ముల పొలం గట్ల దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. కానీ ఆయన జీవితమంతా నడిపించింది ఈ నమ్మకమే.

చిన్నప్పుడే తండ్రి దగ్గర కరెంటు సర్క్యూట్ల బొమ్మలు చూశాడు. గీతలు, చిన్న చిన్న గుర్తులు. ఎవరూ చెప్పకుండానే ఏది దేనికి కలుస్తుందో అర్థమైంది. పెద్ద చదువులకి వెళ్లాక రసాయన శాస్త్రంలోనూ అదే కనిపించింది. నీటిని హెచ్‌టూఓ అని రాస్తే వియన్నాలోనూ చదువుతారు, విజయవాడలోనూ చదువుతారు. ఎవరి భాషలో వాళ్లు పలుక్కుంటారు, విషయం మాత్రం ఒకటే. మరి రోజువారీ మాటలకి కూడా ఇలాంటిదొకటి ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న ఆయనకి అప్పుడు పూర్తిగా రాలేదు, విత్తనం మాత్రం పడింది. 1922లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరి పేటెంట్ల విభాగానికి అధిపతి అయ్యాడు. క్లేర్ అనే జర్మన్ క్యాథలిక్ అమ్మాయిని పెళ్లాడాడు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదుడన్న ఒక్క కారణంతో బ్లిట్జ్‌ని పట్టుకుపోయి డాఖావ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. తర్వాత బూఖెన్‌వాల్డ్‌కి మార్చారు. క్లేర్ కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి 1939లో విడిపించింది. వెంటనే దేశం వదిలి పోవాలన్నది షరతు. ఆయన ఇంగ్లండు చేరాడు. భార్యని పిలిపించుకునేలోగా యుద్ధం మొదలై దారులు మూసుకుపోయాయి. 1940లో జర్మనీ విమానాలు లండన్ మీద బాంబులు కురిపిస్తుంటే ఆ దాడులకి జనం పెట్టుకున్న పేరు బ్లిట్జ్. ఆ పేరుతో ఇంగ్లండులో ఎలా తిరగడం? అందుకే బ్లిస్ అయ్యాడు. ఇంగ్లీషులో ఆ మాటకి ఆనందం అని అర్థం.

క్లేర్ రొమేనియాలో ఉన్న అత్తవారి బంధువుల దగ్గరికి, అక్కణ్ణుంచి గ్రీసుకి, అక్కణ్ణుంచి చైనాలోని షాంఘైకి ప్రయాణం కట్టింది. ఆయన కెనడా మీదుగా, జపాన్ మీదుగా అక్కడికే వచ్చాడు. 1940 డిసెంబరులో భార్యాభర్తలు షాంఘైలో కలుసుకున్నారు. భూగోళం మ్యాపు దగ్గర పెట్టుకుని ఈ రెండు దారులూ వేలితో గీసి చూడండి పిల్లలూ. ఒకరు తూర్పు నుంచి, ఒకరు పడమర నుంచి వచ్చి ఒకే ఊళ్లో కలిశారు.

కష్టాలు అంతటితో తీరలేదు. జపాన్ సైన్యం 1943లో యూదు శరణార్థుల్ని హాంకూ అనే ఇరుకు ప్రాంతంలోకి నెట్టింది. క్లేర్ జర్మన్ పౌరురాలు, క్రైస్తవురాలు. భర్తని వదులుకుంటానని చెబితే బయట స్వేచ్ఛగా ఉండొచ్చు. ఆమె చెప్పలేదు, ఆయనతో పాటు ఆ మురికివాడలోకి నడిచింది. బ్లిస్ గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తుంటారు. ఆయన చేసిన పనిలో సగం పుణ్యం ఈమెది అని నా అభిప్రాయం. ముందు ముందు మీకే తెలుస్తుంది.

షాంఘై వీధుల్లోనే అసలు పని మొదలైంది. దుకాణాల బోర్డులు, పత్రికల శీర్షికలు చూస్తూ ఆయన చైనా అక్షరాలు నేర్చుకోసాగాడు. కొన్నాళ్లకి ఒక విచిత్రం గమనించాడు. బోర్డు చదువుతున్నాడు, అర్థమవుతోంది, కానీ చదువుతున్నది చైనా భాషలో కాదు, తన భాషలో! అక్షరం శబ్దాన్ని కాకుండా అర్థాన్ని చూపిస్తే ఏ భాషవాడైనా చదవగలడన్నమాట. అయితే ఆ అక్షరాలు వేలకొద్దీ ఉన్నాయి, నేర్చుకోవడానికి ఏళ్లు పడతాయి. వాటికన్నా తేలికగా, లెక్కల్లాగా పద్ధతిగా ఉండేది ఒకటి చేద్దామని 1942లో కూర్చున్నాడు.

ఆయన లిపి ఎలా ఉంటుందో కాస్త చెబుతాను, సరదాగా ఉంటుంది. సుమారు నూరు మూల గుర్తులు ఉంటాయి. మిగతావన్నీ వాటిని కలిపి కట్టినవే. అలలాంటి గీత అంటే నీరు. నీటి గుర్తుకి కిందికి బాణం గీస్తే వాన. గుండె బొమ్మ అంటే మనసులో కలిగే భావం. దాని పక్కన పైకి చూసే బాణం పెడితే సంతోషం, కిందికి చూసేది పెడితే దుఃఖం. కుర్చీ పక్కన నీరు పెడితే మరుగుదొడ్డి. నోరూ చెవీ కలిపితే భాష. మాట అంటే పలకడం ఒక్కటే కాదు, వినేవాడు కూడా ఉండాలని ఆ గుర్తే చెబుతుంది.

ఇంకో తమాషా ఉంది. మన తెలుగు అక్షరం మీద తలకట్టు పెడతాం గదా, అలాగే ఆయన గుర్తు నెత్తిన చిన్న చిన్న గీతలు పెట్టాడు. మీద చిన్న చదరం ఉంటే అది వస్తువు. కొండ శిఖరంలాంటి గీత ఉంటే అది పని. కంటి గుర్తు ఊరికే ఉంటే కన్ను, నెత్తిన శిఖరం పెడితే చూడటం. శిఖరాన్ని తలకిందులు చేసి పెడితే అది మనిషి అభిప్రాయం, అంటే వస్తువూ కాదు, పనీ కాదు, ఎవరో అనుకుంటున్న మాట అని హెచ్చరిక. ఈ మూడో గీత మీద ఆయనకి చాలా పట్టుదల. ఎందుకో ఊహించొచ్చు. నాజీల నినాదాలు జనాన్ని ఎంత దూరం లాక్కెళ్లాయో శిబిరంలో ఉండి చూసినవాడు. నిజానికీ నినాదానికీ మధ్య తేడా కంటికి కనపడేలా రాయాలనుకున్నాడు.

1946లో దంపతులు ఆస్ట్రేలియా చేరారు. యూనివర్సిటీలు తనని ఎర్ర తివాచీ పరిచి పిలుస్తాయని బ్లిస్ ఆశ. ఎవరూ పిలవలేదు. భాషాశాస్త్ర పట్టా లేని ఒక శరణార్థి ప్రపంచ లిపి అంటుంటే ఎవరు వింటారు? పొట్టకూటికి ఫ్యాక్టరీలో కూలిపని చేశాడు, రాత్రులు లిపి పని చేశాడు. 1949లో మూడు సంపుటాల పుస్తకం సొంతంగా అచ్చువేసుకున్నాడు. క్లేర్ ప్రపంచమంతటా ఉన్న విద్యాసంస్థలకీ మేధావులకీ ఆరు వేల ఉత్తరాలు రాసింది. తపాలా బిళ్లల ఖర్చే ఎంతై ఉంటుంది! తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ లాంటి ఒకరిద్దరు మెచ్చుకున్నారు తప్ప, దాదాపు అంతా నిశ్శబ్దం. 1961లో క్లేర్ పోయింది. ఈ లిపిని ఎవరో ఒకరు వాడటం ఆమె కళ్లతో చూడలేదు. 1965లో బ్లిస్ పుస్తకాన్ని ఒకే సంపుటంగా మళ్లీ వేశాడు, ఎనిమిది వందల పేజీలు దాటింది.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి గుర్తొస్తోంది. 1951-52లో మన తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకే పార్టీకో బొమ్మ గుర్తు ఇచ్చారు. అంటే బ్లిస్ ఆస్ట్రేలియాలో ఉత్తరాలు రాసుకుంటున్న కాలంలోనే, కోట్లమంది భారతీయులు బొమ్మ చూసి తమ మాట చెప్పేశారు. ఇవ్వాళ మెజెస్టిక్ బస్టాండులో దిగిన కొత్తవాడికి కన్నడం రాకపోయినా, బొమ్మ చూసి ఆడవాళ్ల మరుగుదొడ్డి ఏదో, మగవాళ్లది ఏదో తెలిసిపోతుంది. బొమ్మని చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

ఇక 1971. కెనడాలోని టొరంటోలో శారీరక వైకల్యం ఉన్న పిల్లల కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ షర్లీ మెక్‌నాటన్ అనే టీచరు పనిచేసేది. ఆమె దగ్గరున్న పిల్లలకి సెరిబ్రల్ పాల్సీ. తల్లీ తండ్రీ చెప్పేదంతా అర్థమవుతుంది, కానీ నాలుకా పెదవులూ మాట వినవు. చదవడం ఇంకా రాదు. అన్నం, నీళ్లు, బాత్రూము లాంటి నాలుగు బొమ్మలు ఉన్న పలక చూపించి ఏది కావాలో అడిగేవాళ్లు. ఆ పిల్లకి బాధగా ఉందనో, నిన్న అమ్మమ్మ రాలేదనో చెప్పాలని ఉంటే? అటువంటి బొమ్మ లేదు. కుర్చీకి బొమ్మ గీయొచ్చు, బాధకి ఎలా గీస్తారు? వెతగ్గా వెతగ్గా గుర్తుల గురించిన ఒక పుస్తకంలో ఈమెకి బ్లిస్ పేరు కనిపించింది.

ఫలితం చూసి టీచర్లే ఆశ్చర్యపోయారు. చక్రాల కుర్చీ ముందున్న పలక మీద గుర్తులు అతికిస్తే పిల్లలు వేలితోనో, చూపుతోనో వరసగా చూపించి వాక్యాలు కట్టసాగారు. లేని మాటకి రెండు గుర్తులు కలిపి సొంత మాట తయారుచేశారు. ఏమీ తెలియదని పెద్దలు అనుకున్న పిల్లలు ప్రశ్నలు వేశారు, జోకులు వేశారు, కోపం చెప్పారు. ఈ కబురు తెలిసి బ్లిస్ టొరంటో వచ్చాడు. డెబ్భై ఏళ్లు దాటిన వయసులో, భార్య పోయిన పదేళ్ల తర్వాత, తన లిపితో మాట్లాడే మనుషుల్ని మొదటిసారి కళ్లారా చూశాడు. పిల్లలతో ఆడాడు, పాడాడు. ఆయన మీద తీసిన సినిమాలో ఆ ఉత్సాహం ఇప్పటికీ చూడొచ్చు.

తగవు ఆ తర్వాత వచ్చింది. టీచర్లు గుర్తు పైన ఇంగ్లీషు మాట రాశారు. ఎందుకంటే పిల్లవాడు గుర్తు చూపిస్తే, గుర్తులు రాని తండ్రికీ డాక్టరుకీ అర్థం కావాలి గదా. నామవాచకం, క్రియ అని వ్యాకరణం మాటలు వాడారు. అవసరానికి కొత్త గుర్తులు కలిపారు. ఆ పిల్లల్ని మెల్లగా ఇంగ్లీషు చదవడం వైపు నడిపించారు. బ్లిస్‌కి ఇవన్నీ ద్రోహంలా కనిపించాయి. ప్రపంచాన్ని కలపడానికి పుట్టిన లిపిని ఒక భాషకి నిచ్చెనగా వాడుకుంటారా అని మండిపడ్డాడు. గుర్తు ఒకటి వంకర పోయినా ఊరుకోలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు, లాయర్లు, ఏళ్ల తరబడి గొడవ. చివరికి 1982లో ఒప్పందం కుదిరి, వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఆ గుర్తుల్ని వాడుకునే హక్కు ఆ కేంద్రానికి శాశ్వతంగా వచ్చింది. తనకి అందిన సొమ్ముతో బ్లిస్ తన పద్ధతిలో బోధనా పుస్తకం అచ్చువేసుకున్నాడు.

ఎవరిది న్యాయం? పిల్లలూ, దీని మీద మీ తరగతిలో వాదించుకోండి. ఆయన పడ్డ బాధలు తెలిశాక ఆయన్ని తప్పుపట్టడానికి మనసొప్పదు. శిబిరం, దేశాంతరం, మురికివాడ, ఆరు వేల ఉత్తరాలు, వీటన్నిటి తర్వాత చేతికొచ్చిన బిడ్డని ఇంకెవరో పెంచుతామంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అయినా టీచరుగా నా ఓటు మెక్‌నాటన్‌కే. దాహం వేసిన పిల్లకి లిపి స్వచ్ఛంగా ఉండటం కన్నా మంచినీళ్లు రావడం ముఖ్యం.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1976లో ఆయనకి దేశ గౌరవ పురస్కారం ఇచ్చింది. 1979లో అక్కడి నేషనల్ యూనివర్సిటీ భాషాశాస్త్రంలో గౌరవ సభ్యుణ్ణి చేసింది. 1985లో సిడ్నీలో కన్నుమూశాడు.

ఆటిజం ఉన్న పిల్లలకి దీంతో సంబంధం ఏమిటని అడగొచ్చు. బ్లిస్ షాంఘైలో గుర్తులు గీస్తున్న రోజుల్లోనే, 1943లో, లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఈయన కూడా అదే ఆస్ట్రియా-హంగరీలో, బ్లిస్ కన్నా మూడేళ్ల ముందు, యూదు కుటుంబంలోనే పుట్టాడు. ఆ పదకొండు మందిలో ముగ్గురికి మాటే రాలేదు. సెరిబ్రల్ పాల్సీలో కండరాలు మాట వినవు. ఆటిజంలో చాలాసార్లు నోరు బాగానే ఉంటుంది, మాట మాత్రం రాదు, లేదా వచ్చినా అడగడానికి పనికిరాదు. నోటితో అన్న మాట క్షణంలో గాలిలో కలిసిపోతుంది. బొమ్మ కళ్ల ముందు నిలబడి ఉంటుంది, ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఈ నిలకడే ఆసరా. బ్లిస్ పోయిన 1985లోనే అమెరికాలోని డెలావేర్‌లో బొమ్మల మార్పిడి పద్ధతి మొదలైంది. పిల్లవాడు బిస్కెట్టు బొమ్మ తీసి ఎదుటివాళ్ల చేతిలో పెడతాడు, బిస్కెట్టు అందుతుంది. తనే ముందుకొచ్చి అడగడం అందులో కీలకం. బ్లిస్ గుర్తులంత లోతు ఇందులో లేదు కానీ, మొదలుపెట్టడానికి చాలామందికి ఇదే తేలిక. ఇప్పుడైతే చెన్నైలో తయారైన ఆవాజ్, బొంబాయి ఐఐటీవాళ్ల జెల్లో లాంటి యాప్‌లలో బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది.

మన బడిలో కూడా ఇలాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు రెండు మాటలు అడుగుతుంటారు. బొమ్మ అలవాటైతే వీడు ఇక నోరు విప్పడేమో అన్నది మొదటిది. ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో బొమ్మల వల్ల మాట ఆగిపోయిందని తేలలేదు. కొందరికి మాట పెరిగింది కూడా. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని ఎవరో సలహా ఇచ్చారన్నది రెండోది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి నష్టం జరుగుతుందని కూడా తేలలేదు. అమ్మమ్మకి వచ్చిన ఏకైక భాషని ఇంట్లోంచి తీసేస్తే ఆ పిల్లవాడితో అమ్మమ్మ ఇక ఏ భాషలో మాట్లాడాలి? అనుమానం ఉన్నవాళ్లు నిమ్హాన్స్ పిల్లల విభాగంలో గానీ, ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటకలో గానీ నిపుణుల్ని అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. బడిలో ఈ సౌకర్యాలు అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.

ఒకటో తరగతి గదిలో తలుపు పక్కన బొమ్మల పలక పెట్టాం. నీళ్లు, బాత్రూము, చాలు, ఇంకా కావాలి, నొప్పి, గోలగా ఉంది, అమ్మ ఎప్పుడు వస్తుంది, ఇలా ఇరవై నాలుగు బొమ్మలు. ప్రతి బొమ్మ కింద తెలుగులో మాట, దాని కింద కన్నడంలో అదే మాట ఉంటుంది, మన ఆయమ్మకి కన్నడమే చదవడం వచ్చు కాబట్టి. బ్లిస్ చూస్తే కచ్చితంగా దెబ్బలాడేవాడు.

ఇంట్లో కూడా ఇలాంటి పలక పెట్టుకోదలచినవాళ్లు శనివారం మధ్యాహ్నం ఆఫీసుకి రండి, నకలు ఇస్తాం. వచ్చేటప్పుడు మీ పిల్లవాడు రోజూ వాడే గ్లాసు, కంచం, చెప్పులు, ఇంట్లో మనుషులు, వీళ్ల ఫొటోలు తీసుకురండి. పుస్తకంలో గ్లాసు కన్నా తన గ్లాసుని వాడు తొందరగా గుర్తుపడతాడు. ఫోనులో ఉన్నా చాలు, ఇక్కడ ప్రింటు తీసుకుంటాం.